మోకాలి అరుగుదల: ఏ కీలు ముదురుతుందో ముందే తెలుస్తుందా?

క్లుప్తంగా

ఎక్స్-రే రిపోర్టులో రాసే గ్రేడు మోకాలు ఇవాళ ఏ స్థితిలో ఉందో చెబుతుంది. ఎంత వేగంగా ముదురుతుందో చెప్పదు. కంప్యూటర్ నమూనాలు ఆ వేగాన్ని కొంతవరకు పసిగడుతున్నా, ఒక గుంపు గురించి చెప్పినంత నమ్మకంగా ఒక మనిషి గురించి చెప్పలేకపోతున్నాయి. పైగా అవి నేర్చుకున్నది ఎక్కువగా అమెరికన్ల మోకాళ్ల మీద. ఉత్తరాంధ్ర శ్రామికుల కూర్చునే తీరు, పని, ఆసుపత్రి దూరం, ఉద్దానం కిడ్నీ సమస్య ఆ లెక్కల్లో లేవు.

పలాస జీడి పరిశ్రమల్లో పొద్దస్తమానం కూర్చుని పప్పు వలిచే స్త్రీలకైనా, వంశధార కాలువల కింద నడుము వంచి వరి ఉడుపులు చేసే కూలీలకైనా, పొందూరులో రాట్నం ముందు కూర్చుని నూలు వడికే అవ్వలకైనా యాభై దాటాక ఏదో ఒకనాడు ఆసుపత్రిలో వినిపించే మాట ఒకటే: “గుజ్జు అరిగిపోయింది.” అది విన్నాక వాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఇంకా ఎంతకాలం నడవగలను? జవాబులు మాత్రం రకరకాలు. శ్రీకాకుళంలో ఒకరు మాత్రలతో నెట్టుకురావచ్చంటారు. విశాఖలో మరొకరు ఆపరేషన్ తప్పదంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక్క ఇంజెక్షన్ చాలంటాడు. ముగ్గురూ చూసింది ఒకే ఫిల్ము.

ఈ గందరగోళంలోకి ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వచ్చి చేరింది. ఏడాది తర్వాత మోకాలి ఎక్స్-రే ఎలా ఉండబోతుందో ఇవాళే బొమ్మ గీసి చూపే పద్ధతిని 2025లో బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. దాదాపు 5 వేల మందికి చెందిన సుమారు 50 వేల ఎక్స్-రేలతో దానికి శిక్షణ ఇచ్చారు. ఇలాంటి వార్త చదివినవారికి మోకాలి జాతకం చేతికొచ్చినట్టే అనిపిస్తుంది. నిజానికి ఈ అంచనా దేని గురించి, ఎవరి గురించి, ఎంత గట్టిది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే గానీ ఆ వార్త విలువ తేలదు.

గ్రేడు ఒక మజిలీ మాత్రమే

రిపోర్టుల్లో “గ్రేడ్ 2”, “గ్రేడ్ 3” అని రాసే పద్ధతి 1957 నాటిది. బ్రిటన్‌లో కీళ్లవ్యాధులపై పనిచేసిన కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఎక్స్-రేలను 0 నుంచి 4 వరకు అయిదు తరగతులుగా విడదీశారు. ఎముక అంచున కొత్తగా మొలిచే కొక్కెంలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపిస్తే 2. రెండు ఎముకల మధ్య ఖాళీ కచ్చితంగా తగ్గితే 3. ఖాళీ దాదాపు మూసుకుపోయి, ఎముక గట్టిపడి, ఆకారం చెడితే 4. ఒకే ఫిల్మును వేర్వేరు వైద్యులు ఒకే భాషలో వర్ణించడానికి ఇది బాగా పనికొచ్చింది, ఏడు దశాబ్దాలు కావస్తున్నా ఇప్పటికీ వాడుకలో ఉంది.

అయితే ఇది స్థితిని చెప్పే కొలబద్ద. ఇచ్ఛాపురం వెళ్లే బస్సు టెక్కలిలో ఉందని తెలిసినంత మాత్రాన అది ఎప్పుడు చేరుతుందో తెలియదు. కదులుతోందా, స్టాపులో ఆగి ఉందా అన్నది కూడా తెలియాలి. మోకాలి బస్సు వెనక్కి రావడం అరుదు గానీ, ఒకే స్టాపులో ఏళ్ల తరబడి ఆగిపోవడం మాత్రం మామూలే. గ్రేడ్ 2 దగ్గర పదేళ్లు నిలిచిపోయిన మోకాళ్లు ఉన్నాయి. దాదాపు మామూలుగా కనిపించిన ఎక్స్-రే నాలుగేళ్లు తిరగకుండానే గ్రేడ్ 3కో 4కో చేరిన మోకాళ్లూ ఉన్నాయి. ఈ రెండో రకం తక్కువే. కానీ అంచనా వేయడం అంటూ ఉంటే అవసరమైంది వాళ్ల కోసమే.

ఈ కదలికను కొలవడమే ఒక పెద్ద తలనొప్పి. అరుగుదల ఉన్న మోకాలిలో ఎముకల మధ్య ఖాళీ సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే అయిదో వంతు తగ్గుతుంది. ఫిల్ము తీసేటప్పుడు మోకాలు కాస్త ఎక్కువ వంగినా, కిరణం కోణం కొంచెం మారినా అంతకంటే ఎక్కువ తేడా కనిపించగలదు. రోగిని పడుకోబెట్టి తీసిన ఫిల్ములోనైతే బరువు పడదు కాబట్టి ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కిందటేడు పడుకోబెట్టి, ఈ ఏడు నిలబెట్టి తీసి పక్కపక్కన పెడితే మోకాలు ఏడాదిలోనే ధ్వంసమైపోయినట్టు అనిపిస్తుంది. అక్కడ మారింది మోకాలు కాకపోవచ్చు, ఫిల్ము తీసిన పద్ధతి.

ఎముకది ఒక దారి, నొప్పిది ఒక దారి

“గుజ్జు” అన్న మాట వినగానే యంత్రంలో ఇంకిపోయే నూనె లాంటిదేదో మనసులో మెదులుతుంది. అరిగేది నూనె కాదు. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి, గట్టి పొర అది. వైద్యులు కార్టిలేజ్ అంటారు, పాఠ్యపుస్తకాలు మృదులాస్థి అంటాయి. దానికి రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బతింటే సరిగా మానదు. నరాలూ లేవు, కాబట్టి అది అరుగుతున్నంత సేపూ నొప్పి తెలియదు. ఎక్స్-రేలో అది కనిపించదు కూడా. ఫిల్ములో చూసేది రెండు ఎముకల మధ్య ఖాళీని మాత్రమే. ఆ ఖాళీలో ఈ పొరతోపాటు మెనిస్కస్ అనే మెత్తలు కూడా ఉంటాయి. ఆ మెత్త చిరిగి పక్కకు జరిగినా ఖాళీ తగ్గినట్టే కనిపిస్తుంది.

నొప్పి పుట్టేది వేరే చోట్ల. కీలు లోపలి పలుచటి పొర వాచినప్పుడు, పొర కింది ఎముక ఒత్తిడికి లోనైనప్పుడు, కీలు చుట్టూ ఉన్న తిత్తి సాగినప్పుడు నొప్పి వస్తుంది. ఏళ్ల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న మెదడు, వెన్నుపాము వాటిని పెంచి వినిపించడం కూడా మొదలుపెడతాయి. అందుకే గ్రేడ్ 4 మోకాలితో సంతకు నడిచి వెళ్లేవారున్నారు, గ్రేడ్ 1తో మెట్టు ఎక్కలేనివారున్నారు. రిపోర్టు చూసి “ఇంత నొప్పి ఉండకూడదే” అనే వైద్యుడు రిపోర్టును నమ్మి మనిషిని నమ్మనట్టే.

దీనివల్ల “ముదురుతుందా?” అన్న ఒక్క ప్రశ్న మూడు ప్రశ్నలుగా చీలిపోతుంది. ఫిల్ము మారుతుందా? నొప్పి పెరుగుతుందా? ఆపరేషన్ దాకా వెళుతుందా? పరిశోధనల్లో ఒక్కొక్కరు ఒక్కోదాన్ని అంచనా వేస్తారు. వార్తల్లోకి వచ్చేసరికి మూడూ కలిసి “మోకాలి భవిష్యత్తు” అయిపోతాయి. సర్రే పరిశోధన మొదటి ప్రశ్నకు సంబంధించినది. రోగి అడిగేది ఎక్కువగా రెండోది.

మొదలవడానికి ఒక కారణం, ముదరడానికి మరొకటి

మోకాలి అరుగుదల ఎవరికి వస్తుందో చాలావరకు తెలిసిన విషయమే. వయసు, స్త్రీలలో ముట్లుడిగిన తర్వాతి దశ, అధిక బరువు, పాత దెబ్బ, మోకాళ్లు వంచి చేసే పని, కుటుంబ చరిత్ర. చిత్రమేమిటంటే, వ్యాధి తెచ్చిపెట్టే కారణాలే వచ్చిన వ్యాధిని వేగంగా ముదిరేలా చేస్తాయని చెప్పలేం.

బరువునే తీసుకుంటే, లావుగా ఉన్నవారికి మోకాలి అరుగుదల వచ్చే ముప్పు ఎక్కువ అనడంలో సందేహం లేదు. కానీ ఇప్పటికే అరుగుదల ఉన్నవారిని మాత్రమే పోగుచేసి చూస్తే, బరువుకూ ముదిరే వేగానికీ మధ్య సంబంధం కొన్ని పరిశోధనల్లో బలహీనంగా కనిపించింది. ఇది లెక్కల్లో దాగి ఉండే ఒక వల. సన్నగా ఉండి కూడా మోకాలు అరిగిందంటే, ఆ మనిషి విషయంలో మరేదో బలమైన కారణం పనిచేసిందని అర్థం: కాలి వంకర కావచ్చు, పాత దెబ్బ కావచ్చు, ముప్పై ఏళ్ల కూలిపని కావచ్చు. ఆ కారణం తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది. దాంతో రోగుల గుంపులో లావువాళ్లకూ సన్నవాళ్లకూ తేడా తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. దీన్ని చూసి బరువు తగ్గినా లాభం లేదనుకుంటే పొరపాటు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో జరిగిన, 1992లో వెలువడిన అధ్యయనంలో పదేళ్ల కాలంలో సుమారు 5 కిలోలు తగ్గిన స్త్రీలకు నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని 2005 నాటి మరో పరిశోధన లెక్కగట్టింది. రోజుకు ఒక్కో కాలు 2,500 అడుగులు వేస్తుందనుకుంటే ఆ ఒక్క కిలో ఒక్కో మోకాలి మీద దించే భారం రోజుకు 10 టన్నులు.

ముదిరే వేగాన్ని ముందే చెప్పే సంకేతాల్లో బలమైనది కాలి వరస. కాలు నిటారుగా ఉన్నవారిలో కూడా నడిచేటప్పుడు భారంలో సగానికి పైగా మోకాలి లోపలి వైపే మోస్తుంది. దొడ్డికాళ్లు ఉన్నవారిలో ఆ వాటా ఇంకా పెరుగుతుంది. లోపలి వైపు పొర అరిగిన కొద్దీ కాలు ఇంకా బయటికి వంగుతుంది, వంగిన కొద్దీ లోపలి వైపు ఇంకా అరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకునే ఈ చక్రం మొదలైతే ఆగడం కష్టం. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలాంటి వంపు ఉన్న మోకాళ్లలో ఏడాదిన్నరలోనే లోపలి వైపు అరుగుదల పెరిగే అవకాశం మిగతావాటి కంటే దాదాపు నాలుగు రెట్లుగా తేలింది. దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. మనిషిని పాదాలు కలిపి నిలబెట్టి ఎదురుగా నిలబడి చూస్తే చాలు.

రెండో సంకేతం చేతివేళ్లలో ఉంటుంది. వేళ్ల చివరి కణుపుల దగ్గర గట్టి బుడిపెలు ఉన్నవారిలో మోకాలి అరుగుదల కూడా ముదిరే అవకాశం ఎక్కువని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. వ్యాధి ఒక్క కీలు బరువుకు సంబంధించింది మాత్రమే కాదని, ఒంటి తత్వం కూడా అందులో ఉందని దీని అర్థం. మొదటి పరీక్ష నాటికే నొప్పి ఎక్కువగా ఉండటం మూడోది. నాలుగోది ఎమ్మారైలో మాత్రమే కనిపిస్తుంది: పొర కింది ఎముక మజ్జలో తేమ చేరినట్టు కనిపించే మచ్చలు. ఇవి ఉన్న మోకాళ్లు లేనివాటి కంటే చాలా వేగంగా చెడుతున్నట్టు 2003 నుంచి తెలుసు. కాలి వంపుకూ ఈ మచ్చలకూ గట్టి సంబంధం ఉంది. కాలు ఎటు వంగితే మచ్చలు అటువైపే వస్తాయి. అంటే వేల రూపాయల ఎమ్మారై చూపించే సంగతిలో కొంత భాగం, కాళ్ల వైపు ఒకసారి తేరిపార చూస్తే ఉచితంగానే దొరుకుతుంది.

పాత ఫిల్ము కూడా ఒక సంకేతమే. ఇంతకుముందు మారుతూ వచ్చిన కీలు తర్వాతా మారుతూ ఉండటం, నిలకడగా ఉన్నది నిలకడగానే ఉండటం మోకాళ్లలో కనిపించే ధోరణి.

కంప్యూటర్ అదనంగా చేర్చింది ఎంత?

మోకాలి అంచనాలపై జరిగిన పనిలో అధిక భాగం ఒకే గని నుంచి తవ్వినది. అమెరికాలో 2004లో మొదలైన ఆస్టియో ఆర్థరైటిస్ ఇనీషియేటివ్‌లో 45 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 4,796 మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి ఎక్స్-రేలు, ఎమ్మారైలు, నొప్పి వివరాలు సేకరించి, ప్రపంచంలో ఎవరైనా వాడుకునేలా అందుబాటులో పెట్టారు.

ఫిన్లాండ్‌లోని ఓలూ విశ్వవిద్యాలయ బృందం 2019లో ఆ సమాచారంతో ఒక నమూనాకు శిక్షణ ఇచ్చి, మోస్ట్ అనే మరో అమెరికన్ అధ్యయనంలోని 2,129 మందికి చెందిన 3,918 మోకాళ్ల మీద పరీక్షించింది. ముదిరిన మోకాలొకటి, ముదరనిదొకటి జతగా తీసుకుని ఏది ముదురుతుందో చెప్పమంటే, ఆ నమూనా 100 జతల్లో సుమారు 79 సార్లు సరిగ్గా గుర్తించగలదు. నాణెం ఎగరేసినా 50 సార్లు సరిపోతుంది. అసలు పోల్చాల్సింది నాణెంతో కాదు. వయసు, లింగం, బరువు, గ్రేడు లాంటి మామూలు వివరాలతో వేసిన పాత తరహా లెక్క 75 దాకా వచ్చింది. మహా కంప్యూటర్ చేర్చింది ఆ మిగతా నాలుగు. అది తక్కువేమీ కాదు, అద్భుతమూ కాదు.

ఈ అంకె ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఇంకా పలచబడుతుంది. ఒక ఊళ్లో 100 అరిగిన మోకాళ్లలో వచ్చే కొన్నేళ్లలో 20 ముదురుతాయనుకుందాం. ముదిరేవాటిలో నాలుగింట మూడు వంతులు పట్టుకునే, ముదరనివాటిని కూడా అంతే కచ్చితంగా వదిలేసే పరీక్ష ఉందనుకుందాం. అది 20లో 15ను సరిగ్గా పట్టుకుంటుంది. ముదరని 80లో కూడా 20ని పొరపాటున ముప్పు జాబితాలో చేరుస్తుంది. జాబితాలో మొత్తం 35 మోకాళ్లు, వాటిలో నిజంగా ముదిరేవి 15. “మీ మోకాలు వేగంగా చెడుతుంది” అని విన్నవారిలో సగానికి పైగా అనవసరంగా భయపడినవారే. పరీక్ష చెడ్డదై ఇలా జరగలేదు. ముదరనివారు ఎక్కువమంది ఉన్నచోట లెక్క ఇలాగే తేలుతుంది.

తుపాను అంచనాలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. అలాంటి తుపానును ఉపగ్రహాలు గంట గంటకూ చూస్తుంటాయి, అంచనాను ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంటారు. మోకాలిని రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి, అదీ రెండు ఎముకల నీడను మాత్రమే చూస్తారు. తుపాను వస్తుందంటే ఏం చేయాలో తీరంలో పిల్లవాడికి కూడా తెలుసు. మోకాలు ముదురుతుందంటే ఏం చేయాలన్నదే స్పష్టంగా తెలియదు.

ఎవరి మోకాళ్ల మీద నేర్చుకుంది?

ఆ 4,796 మందిలో అత్యధికులు తెల్లజాతి అమెరికన్లు, తర్వాత నల్లజాతీయులు. ఆసియావాసులు బహు స్వల్పం. కుర్చీలో కూర్చునే, కమోడ్ వాడే, కారెక్కి తిరిగే జనం. ఈ తేడా ఎంత ముఖ్యమో చైనాలో జరిగిన ఒక పోలిక చెబుతుంది. బీజింగ్‌లో 60 దాటిన స్త్రీలలో మోకాలి అరుగుదల, ఫ్రామింగ్‌హామ్ అమెరికన్ స్త్రీలలో కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ఉంది. బీజింగ్ స్త్రీలు అమెరికన్ల కంటే సన్నగా ఉంటారు. బరువే అసలు కారణమైతే ఫలితం తిరగబడి ఉండాలి. మరోవైపు తుంటి కీలు అరుగుదల అక్కడ అమెరికాతో పోలిస్తే అత్యల్పం. యౌవనంలో రోజూ గంటల తరబడి గొంతుకు, అంటే మోకాళ్లు పూర్తిగా మడిచి పాదాల మీద, కూర్చున్నవారిలో మోకాలి అరుగుదల ఎక్కువని అదే అధ్యయనం తర్వాత చూపింది. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు ఎముకలు ఆనే చోటు వెనక్కి జరిగి, తక్కువ వైశాల్యం మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దినచర్యలో ఆ భంగిమ ఎక్కడెక్కడ వస్తుందో లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. కలుపు తీయడం, అంట్లు తోమడం, చేపలు ఎండబెట్టడం, పొయ్యి దగ్గర పని, మరుగుదొడ్డి. భారతదేశంలో అయిదు చోట్ల జరిపి 2016లో వెలువరించిన ఒక సర్వేలో మోకాలి అరుగుదల 28.7 శాతం మందిలో కనిపించింది. ఇవి ఒకసారి తీసిన లెక్కలే. అదే మనుషులను పదేళ్లు వెంబడించి ఎవరి మోకాలు ఎటు వెళ్లిందో చెప్పే సమాచారం ఇలాంటి శ్రామిక ప్రాంతాల నుంచి రాకపోతే నమూనాకు ఈ భంగిమ అన్నదే తెలియదు. దానికి తెలియని కారణాన్ని అది లెక్కలో వేయలేదు.

కంప్యూటర్ మేలు చేసిన ఉదాహరణ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలో ఒకే గ్రేడు ఉన్నా నల్లజాతి రోగులు ఎక్కువ నొప్పి చెబుతారు. ఆ తేడాను చాలాకాలం మోకాలి బయటి కారణాలకే ఆపాదించేవారు. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో గ్రేడును పక్కనపెట్టి, ఫిల్ము చూసి రోగి చెప్పిన నొప్పినే నేర్చుకోమని కంప్యూటర్‌కు చెప్పారు. గ్రేడు ఆ తేడాలో 9 శాతాన్ని మాత్రమే వివరించగలిగితే, కంప్యూటర్ 43 శాతాన్ని వివరించింది. నొప్పికి కారణాలు ఫిల్ములోనే ఉన్నాయి. బ్రిటన్‌లోని తెల్లవారిని చూసి 1957లో కట్టిన కొలబద్దకు అవి చిక్కలేదు, అంతే. యంత్రానికి ఏం నేర్పారు, ఎవరి మాట ఆధారంగా నేర్పారు అన్నదాన్ని బట్టే దాని చూపు ఉంటుందనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు.

మూడో ప్రశ్న అయిన ఆపరేషన్ అంచనాలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. మోకాలి మార్పిడి జరిగిందంటే కీలు పూర్తిగా చెడినట్టు అమెరికన్ నమూనాలు లెక్కవేస్తాయి. బీమా ఉన్న దేశంలో అది కొంతవరకు సరే. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. కొడుకులు చెన్నైలోనో హైదరాబాదులోనో పనుల్లో ఉంటారు. ఆపరేషన్ తర్వాత నెలన్నర చూసుకునే మనిషి దొరకాలి. కేంద్రం 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి ధరలకు కళ్లెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకాన్ని 54,720 రూపాయలకు పరిమితం చేశాక ఖర్చు తగ్గింది గానీ, మిగతా ఇబ్బందులు అలాగే ఉన్నాయి. ఇక్కడ ఆపరేషన్ జరగలేదంటే మోకాలు బాగున్నట్టు కాదు.

ఉద్దానం లెక్క వేరు

మోకాలి అంచనా ఒక వైద్య కుతూహలంగా మిగిలిపోకుండా, ప్రాణం మీదికి వచ్చే వ్యవహారమయ్యే చోటు శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడితోటల ప్రాంతమైన ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ వ్యాధికి ఒక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు. అయితే దెబ్బతిన్న కిడ్నీని నొప్పి మాత్రలు ఇంకా దెబ్బతీస్తాయనడంలో వివాదం లేదు.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను అడ్డుకుని నొప్పి, వాపు తగ్గిస్తాయి. ఆ రసాయనాలకే మరో పని ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తనాళాలను తెరిచి ఉంచేవి అవే. ఎండలో చెమటోడ్చి పనిచేసి, నీళ్లు తక్కువ తాగి, మోకాలి నొప్పికి రాత్రి మాత్ర వేసుకునే కూలీ శరీరంలో ఆ తలుపు సరిగ్గా అవసరమైనప్పుడే మూసుకుంటుంది. రెండు రోజులు వాడితే వేరు. మోకాలి అరుగుదల ఏళ్ల వ్యవహారం. అందువల్ల “ఇది ఆగి ఉన్న మోకాలా, కదులుతున్న మోకాలా?” అన్న ప్రశ్నకు ఉద్దానంలో మరో అర్థం ఉంది: ఈ మనిషి ఎన్నేళ్లు మాత్రలు మింగబోతున్నాడు?

పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాలి వరకు అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మాత్ర కంటే ముందు దాన్నే సూచిస్తున్నాయి. కిడ్నీ వ్యాధి ఉన్నవారు అది కూడా వైద్యుడిని అడిగే వాడాలి. మోకాలిలోకి ఎక్కించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. కానీ మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన 2017 నాటి ప్రయోగంలో మృదులాస్థి 0.21 మిల్లీమీటర్లు పలచబడింది. ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చినవారిలో అది 0.10. నొప్పిలో మాత్రం రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. “ఒక్క ఇంజెక్షన్ చాలు” అన్న మాట ఏటా నాలుగుసార్లు వినిపించే చోట ఈ అంకెలు గుర్తుంచుకోదగ్గవి.

అంచనా తెలిస్తే ఏం మారుతుంది?

అరుగుదలను ఆపుతుందని నిరూపణ అయి, అనుమతి పొందిన మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. అంచనా నమూనాల కోసం మందుల పరిశోధకులు అంతగా తహతహలాడటానికి కారణం కూడా అదే. ప్రయోగంలో చేర్చుకున్న మోకాళ్లలో ఎక్కువ భాగం ఎలాగూ ముదరనివైతే, మందు పనిచేసినా ఆ సంగతి బయటపడదు. ఐరోపాలో అప్రోచ్ అనే ప్రాజెక్టు వేగంగా ముదిరే అవకాశం ఉన్న 297 మందిని కంప్యూటర్ లెక్కలతోనే ఎంపిక చేసుకుంది. ప్రస్తుతానికి ఈ నమూనాలకు తగిన చోటు అదే, క్లినిక్ కాదు.

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో స్థూలకాయుల మోకాలి నొప్పి గణనీయంగా తగ్గినట్టు 2024లో వెలువడింది. వారి బరువు సుమారు 13.7 శాతం తగ్గింది. అది లావుగా ఉన్నవారి కథ. సన్నటి ఒళ్లు, వంగిన కాళ్లతో ఉడుపులకు వెళ్లే స్త్రీకి దానితో పని లేదు. ఆమెకు పనికొచ్చేవి తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, గొంతుకు కూర్చునే సమయం తగ్గించడం, పని దగ్గర ఎత్తుపీట, మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ. కండరాల వ్యాయామం అరుగుదల వేగాన్ని మారుస్తుందన్న రుజువు బలంగా లేదు. నొప్పిని తగ్గించి నడకను మెరుగుపరుస్తుందన్న రుజువు గట్టిగా ఉంది. ముప్పు ఎక్కువని తేలినా, తక్కువని తేలినా ఇవే సూచనలు. ముప్పును బట్టి మారేది ఆపరేషన్ గురించిన ఆలోచన, మళ్లీ చూపించుకునే గడువు, మాత్రల మీద జాగ్రత్త.

ఇక్కడి మోకాళ్లకు ఇక్కడి లెక్క కట్టాలంటే ఖరీదైన యంత్రాల కంటే ముందు కావలసింది క్రమం. నిలబెట్టి, రెండు మోకాళ్లూ కలిపి, ప్రతిసారీ ఒకే కోణంలో తీసిన ఫిల్ము. పక్కనే నాలుగు వివరాలు: బరువు, కాలి వంపు, వేళ్ల బుడిపెలు, రోజుకు ఎన్ని గంటలు గొంతుకు కూర్చుంటారు. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో మరొకటి మొదలైంది. అదే మనుషులను రెండేళ్లకోసారి మళ్లీ పిలవగలిగితే, అయిదారేళ్లలో అమెరికన్ సమాచారం చెప్పలేని సంగతులు బయటపడతాయి. ఈలోగా చాలా ఇళ్లలో జరుగుతున్నది వేరు. ఫిల్మును కిటికీ వెలుగులో పట్టుకుని ఫోనుతో ఫొటో తీసి, హైదరాబాదులో ఉన్న కొడుకుకు వాట్సాప్‌లో పంపి, అసలు ఫిల్మును చుట్టచుట్టి అటక మీద పడేస్తారు. ఆ ఫొటోలో కొలత పోతుంది, మిల్లీమీటరులో పదో వంతు తేడాను దానిలో ఎవరూ పట్టలేరు. అటక మీది ఫిల్మును మడత పడకుండా తేదీ రాసి దాచి, రెండేళ్ల తర్వాత అదే తీరున తీయించిన కొత్త ఫిల్ముతోపాటు తీసుకెళితే, బస్సు కదులుతోందో ఆగి ఉందో వైద్యుడు చూడగలడు.